కుక్కపిల్లలకు ఎక్కిళ్లు: ఎప్పుడు సహజం, ఎప్పుడు ప్రమాద సంకేతం

కడుపు నిండా పాలు తాగిన నాలుగు వారాల కుక్కపిల్ల శరీరం ఉన్నట్టుండి అదురుతుంది. పొట్ట ఎగసిపడుతుంది, గొంతులోంచి చిన్న శబ్దం వెలువడుతుంది. రెండు మూడు క్షణాలకు మళ్లీ అదే కదలిక. తొలిసారి కుక్కపిల్లను తెచ్చుకున్న ఇంట్లో ఇది కలవరం కలిగిస్తుంది. ఊపిరి ఆడడం లేదేమోనని ఒకరు, గొంతులో ఏదో ఇరుక్కుందని మరొకరు కంగారు పడతారు. నిజానికి అవి ఎక్కిళ్లు. మనుషుల్లో చంటిపిల్లలకు వచ్చే ఎక్కిళ్లకూ వీటికీ మూలంలో తేడా లేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కపిల్లకు ఇవి దాదాపు ఎల్లప్పుడూ హానిచేయనివే, కొద్ది నిమిషాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి.

ప్రమాదం మరో రెండు చోట్ల పొంచి ఉంటుంది. మొదటిది, భయంతో చేసే నాటు వైద్యం. రెండవది, ఎక్కిళ్లలా కనిపించే తీవ్రమైన జబ్బును ఎక్కిళ్లేనని కొట్టిపారేయడం. ఈ రెండింటి మధ్య తేడా తెలిసిన కుటుంబం కుక్కపిల్లను కాపాడుకోవడమే కాదు, తన ఇంట్లోని పిల్లలను కూడా కాపాడుకుంటుంది.

బిలాస్‌పూర్ కాలనీలు, శీతాకాలపు పిల్లలు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణాల్లో ఈ అవగాహనకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతం మీదుగా పట్టాలు వేయడంతో బిలాస్‌పూర్ ముఖ్య కూడలిగా ఎదిగింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఈ ప్రాంతానికీ నేరుగా రాకపోకలు ఏర్పడ్డాయి. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే మండలం పని ప్రారంభించినప్పటి నుంచి ఈ పట్టణమే దానికి ప్రధాన కేంద్రం.

రైల్వే క్వార్టర్ల వరుసలు, వాటి వెనుక పెరళ్లు, ఖాళీ స్థలాలు, చెట్ల నీడ వీధికుక్కలకు అనువైన ఆవాసాలు. దేశంలోని వీధికుక్కలు ఎక్కువగా వానాకాలం చివర జతకట్టి చలికాలంలో ఈనుతాయి. అందువల్ల నవంబరు మొదలు జనవరి వరకు మెట్ల కింద, పాత సామాను చాటున, కట్టెల మోపుల మధ్య కళ్లు తెరవని పిల్లలు కనిపిస్తాయి. మధ్య భారతంలో ఆ నెలల రాత్రులు బాగా చల్లగా ఉంటాయి. చలిలో వణుకుతున్న పిల్లను జాలితో ఇంట్లోకి తెచ్చి పాలు పట్టే పిల్లలూ పెద్దలూ ప్రతి కాలనీలోనూ ఉంటారు. ఎక్కిళ్ల గురించిన భయాలూ, పొరపాట్లూ తరచుగా అక్కడే మొదలవుతాయి.

ఆ పిల్లల బతుకు ఎంత పెళుసైనదో కోల్‌కతాలోని ఐఐఎస్ఈఆర్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం చూపింది. వారు ఐదేళ్ల పాటు 95 ఈతల్లో పుట్టిన 364 వీధికుక్క పిల్లలను గమనించారు. వాటిలో సంతానోత్పత్తి వయసు వరకు బతికినవి 19 శాతమే. మరణాల్లో 63 శాతానికి ప్రత్యక్షంగానో పరోక్షంగానో మనుషులే కారణమయ్యారు. కాబట్టి కుక్కపిల్ల పట్ల మనిషి ప్రవర్తన ఎలా ఉందన్నది దాని ప్రాణానికి సంబంధించిన విషయం. మంచి ఉద్దేశంతో చేసే తప్పు కూడా ఆ లెక్కలో చేరగలదు.

మాట వెనుక శబ్దం

ఎక్కిలికి భారతీయ భాషల్లో ఉన్న పేర్లలో చాలావరకు ఆ శబ్దాన్నే అనుకరిస్తాయి. తెలుగులో ఎక్కిలి, వెక్కిలి అన్న రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. తమిళంలో విక్కల్, మలయాళంలో ఎక్కిళ్, కన్నడలో బిక్కళికె అంటారు. ఇతర ద్రావిడ భాషల్లోని పదాది వకారం కన్నడలో బకారంగా కనిపించడం భాషాశాస్త్రజ్ఞులకు తెలిసిన మార్పే. వెక్కి వెక్కి ఏడవడం అన్న మాట కూడా ఈ కుటుంబానిదే. ఏడ్పులో ఊపిరి తెగి తెగి రావడానికీ ఎక్కిలికీ ఉన్న పోలికను భాష ఏనాడో పట్టుకుంది. సంస్కృతంలో ఇది హిక్క, హిందీలో హిచ్‌కీ.

ఆయుర్వేదం ఎక్కిళ్లను శ్వాస సంబంధ రుగ్మతలతో కలిపి చర్చించింది. చరక సంహిత చికిత్సాస్థానంలోని 17వ అధ్యాయం మహాహిక్క, గంభీర, వ్యపేత, క్షుద్ర, అన్నజ అని ఐదు రకాలను పేర్కొంటుంది. వాటిలో అన్నజ అంటే ఆహారం వల్ల పుట్టినది. వేగంగా, అతిగా తిన్న కుక్కపిల్లకు వచ్చే ఎక్కిళ్లకు ఇంతకన్నా తగిన పేరు దొరకదు.

ఎక్కిళ్లు వస్తే ఎవరో తలచుకుంటున్నారని తెలుగువారు అంటారు. హిందీ మాట్లాడే ప్రాంతాల్లోనూ అదే నమ్మకం ఉంది. తలచుకున్నవారి పేరు ఊహించమని మనిషిని అడిగి మాటల్లో పెట్టడం వల్ల మనసు మళ్లి, ఊపిరి లయ మారవచ్చు. కుక్కపిల్లకు ఆ సౌకర్యం లేదు. దాని శరీరం తనంతట తాను కుదుటపడేదాకా వేచి ఉండడమే దారి.

ఎక్కిలి ఎలా పుడుతుంది

ఛాతీకీ ఉదరానికీ మధ్య గొడుగులా పరచుకున్న కండర పొర ఉంటుంది. దీనినే విభాజక పటలం లేదా డయాఫ్రం అంటారు. అది సంకోచించి కిందికి దిగినప్పుడు ఊపిరితిత్తుల్లోకి గాలి వెళుతుంది, సడలి పైకి వచ్చినప్పుడు గాలి బయటకు వస్తుంది. ఈ లయను మెదడు కింది భాగంలోని శ్వాస కేంద్రాలు నడిపిస్తాయి. అక్కడి నుంచి వచ్చే ఆదేశాలను ఫ్రెనిక్ నాడులు విభాజక పటలానికి చేరవేస్తాయి. కుక్కలో ఈ నాడులు మెడ భాగంలోని ఐదు, ఆరు, ఏడవ వెన్ను నాడుల నుంచి బయలుదేరతాయి.

కడుపు ఉబ్బడం, ఆహారవాహిక సాగడం, చలి తగలడం వంటి కారణాల వల్ల ఈ నాడీ వలయం ఒక్కసారి ఉద్రేకం చెందితే విభాజక పటలం వేళకాని వేళ గట్టిగా ముడుచుకుంటుంది. గాలి వేగంగా లోపలికి దూసుకు వస్తుంది. ఆ వెంటనే స్వరపేటికలోని కంఠబిలం మూసుకుపోతుంది. మనుషుల్లో కొలిచి చూసినప్పుడు ఈ రెండింటి మధ్య వ్యవధి సెకనులో సుమారు 35 వేల వంతులని తేలింది. లోపలికి వస్తున్న గాలి మూసుకున్న ద్వారానికి తగిలి ఆగినప్పుడే ‘ఎక్’ అన్న శబ్దం పుడుతుంది. కుక్కపిల్లలో ఈ శబ్దం చాలా మెల్లగా ఉండవచ్చు. కొన్నిసార్లు పొట్ట అదరడం మాత్రమే కనిపిస్తుంది.

ఎక్కిలిలో వాంతి ఉండదు, దగ్గు ఉండదు, నొప్పి ఉన్న సూచనలూ ఉండవు. రెండు ఎక్కిళ్ల మధ్య కుక్కపిల్ల మామూలుగానే ఊపిరి పీలుస్తుంది. చాలాసార్లు ఆటా ఆపదు, నిద్రా మానదు. ఇదే దాని ప్రధాన లక్షణం.

చిన్న వయసులోనే ఎందుకు ఎక్కువ

ఎక్కిళ్లు క్షీరదాలకే పరిమితమైన చర్య. మానవ శిశువుకు తల్లి గర్భంలోనే ఎక్కిళ్లు వస్తాయని స్కానింగ్‌లలో చూశారు. పుట్టాక తొలి నెలల్లో ఎక్కువగా ఉండి, వయసు పెరిగేకొద్దీ తగ్గుతాయి. కుక్కల్లోనూ అంతే. తొలి వారాల్లో రోజుకు పలుమార్లు ఎక్కిళ్లు వచ్చిన పిల్లకే ఏడాది నిండేసరికి అరుదుగా తప్ప రావు.

దీనికి శాస్త్రవేత్తలు వేర్వేరు వివరణలు ప్రతిపాదించారు. 2003లో క్రిస్టియన్ స్ట్రాస్, ఆయన సహ పరిశోధకులు, తోకకప్పలు మొప్పల మీదుగా నీటిని పంపే విధానానికీ ఎక్కిలికీ పోలిక ఉందనీ, ఇది పరిణామక్రమంలో మిగిలిన పురాతన నాడీ వలయం కావచ్చనీ అన్నారు. 2012లో డేనియల్ హోవ్స్ మరో మాట చెప్పారు. పాలు తాగే పసికూన పాలతో పాటు గాలినీ మింగుతుంది. ఆ గాలి కడుపును ఆక్రమిస్తే పాలకు చోటు తగ్గుతుంది. ఎక్కిలి ఆ గాలిని పైకి తేవడానికి తోడ్పడుతుందని ఆయన ప్రతిపాదన. ఎక్కిళ్లు క్షీరదాల్లోనే, అందునా పాలు తాగే వయసులోనే ఎక్కువ కావడానికి ఇది చక్కగా సరిపోతుంది.

2019లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 13 మంది నవజాత శిశువుల మెదడు తరంగాలను నమోదు చేశారు. ప్రతి ఎక్కిలికీ మెదడులో స్పష్టమైన స్పందనల వరుస కనిపించింది. శ్వాస కండరాలను అదుపు చేయడం మెదడు నేర్చుకోవడంలో ఎక్కిళ్లకు పాత్ర ఉండవచ్చని వారు భావించారు. ఈ పరిశీలన మనుషులకు సంబంధించినదే. అయినా పసి శరీరంలో ఎక్కిలి రావడం లోపానికి గుర్తు కాదని అర్థం చేసుకోవడానికి ఇది సాయపడుతుంది.

సాధారణ కారణాలు

మొదటి కారణం తిండి. ఒకే ఈతలో పుట్టిన పిల్లలు తల్లి పాల కోసం ఒకదానినొకటి తోసుకుంటూ ఆబగా తాగుతాయి. ఇంట్లో ఒకే పళ్లెంలో పెట్టినా అదే పోటీ. తిండితో పాటు గాలి లోపలికి వెళ్లి కడుపు ఉబ్బుతుంది. పగ్ వంటి పొట్టి ముక్కు జాతుల్లో శ్వాస మార్గం ఇరుకుగా ఉండడం వల్ల గాలి మింగడం మరింత ఎక్కువ.

రెండవది చలి. పుట్టిన తొలి వారాల్లో కుక్కపిల్ల తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు. తల్లి ఒడి, తోబుట్టువుల వెచ్చదనమే దానికి రక్ష. చల్లని గచ్చు మీద పడుకున్నా, చన్నీళ్లు తాగినా, తడిసినా ఎక్కిళ్లు మొదలు కావచ్చు.

మూడవది ఉద్రేకం. ఆటలో అలసట, కొత్త మనుషులు, కొత్త చోటు, ఆకస్మిక శబ్దం, ఇవన్నీ ఊపిరి వేగాన్ని పెంచుతాయి. ఆ వేగంలో లయ తప్పినప్పుడు ఎక్కిలి పుడుతుంది. ఉద్రేకం చల్లారాక నిద్రలోకి జారుకుంటున్నప్పుడు కూడా రావచ్చు.

కడుపులో నట్టలు ఎక్కువగా ఉండడాన్ని కూడా కొందరు పశువైద్యులు కారణాల్లో చేరుస్తారు. ఎక్కిళ్లు ఉన్నంత మాత్రాన నట్టలున్నట్టు కాదు. కానీ పొట్ట కుండలా ఉబ్బి, పక్కటెముకలు తేలి, వెంట్రుకలు మెరుపు కోల్పోతే నట్టల మందు గురించి వెంటనే ఆలోచించాలి.

ఎక్కిళ్లు వచ్చినప్పుడు చేయవలసినవి

ముందుగా కుక్కపిల్లను ప్రశాంతంగా ఉంచాలి. చుట్టూ మూగిన పిల్లలను దూరం జరపాలి. వెచ్చని గుడ్డ మీద పొట్ట ఆనేలా పడుకోబెట్టి ఛాతీ, పొట్ట మీద మెల్లగా నిమరాలి. పాలు మానిన పిల్ల అయితే గది వేడిలో ఉన్న నీళ్లు కొద్దిగా దాని ముందు ఉంచవచ్చు. తనంతట తాను తాగితే మంచిది, తాగకపోతే బలవంతం చేయకూడదు. ఎక్కిళ్లు తగ్గేదాకా తిండి పెట్టకపోవడం మేలు. ఎక్కువసార్లు ఐదు పది నిమిషాల్లో అంతా సద్దుమణుగుతుంది.

తరచుగా వస్తుంటే తిండి పెట్టే తీరు మార్చాలి. రోజుకు రెండుసార్లు కడుపు పగిలేలా పెట్టే బదులు అదే పరిమాణాన్ని నాలుగు భాగాలు చేయాలి. ఒక్కో పిల్లకు విడిగా పళ్లెం పెట్టాలి. ఆబగా తినే పిల్లకు వెడల్పాటి పళ్లెంలో తిండిని పలచగా పరచి పెడితే వేగం తగ్గుతుంది. తిన్న వెంటనే పరుగులు పెట్టించకూడదు.

చేయకూడనివి

మనుషుల ఎక్కిళ్లకు వాడే చిట్కాలు కుక్కపిల్లకు పనికిరావు. భయపెట్టడం, ముక్కు మూయడం, నాలుక పట్టి లాగడం, వీపు మీద చరచడం, తలకిందులుగా వేలాడదీయడం వల్ల గాయాలు తగలవచ్చు, కడుపులోని పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సిరంజితోనో చెంచాతోనో గొంతులో నీళ్లు పోయడం ఇంకా ప్రమాదకరం. ఎక్కిలి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా లోపలికి వెళుతుంది. ఆ క్షణంలో నోట్లో పోసిన నీరు గాలితో పాటు శ్వాసనాళంలోకి చేరగలదు.

కర్పూరం, యూకలిప్టస్ నూనె కలిసిన తైలాలను ఛాతీకి రాయకూడదు. కుక్క వాటిని నాకుతుంది, అవి దానికి విషతుల్యం. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కషాయాలు రక్తకణాలను దెబ్బతీస్తాయి. చక్కెర లేని తీపి పదార్థాల్లో వాడే జైలిటాల్ కొద్ది పరిమాణంలోనే కుక్క రక్తంలో చక్కెరను ప్రమాదకర స్థాయికి పడగొడుతుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటి మనుషుల మాత్రలు పశువైద్యుడు చెప్పకుండా ఎన్నడూ ఇవ్వరాదు.

పాలు పట్టే భంగిమ ప్రాణాలతో ముడిపడినది

తల్లి లేని పిల్లను సాకేవారు చేసే అతి పెద్ద పొరపాటు, దానిని మనిషి బిడ్డలా వెల్లకిలా ఒళ్లో పడుకోబెట్టి సీసాతో పాలు పట్టడం. కుక్కపిల్ల తల్లి వద్ద పొట్ట మీద పడుకుని, తల కాస్త పైకెత్తి తాగుతుంది. అదే భంగిమలో పట్టాలి. వెల్లకిలా పట్టినప్పుడు పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా రావచ్చు. తాగుతుండగా ముక్కులోంచి పాలు కారడం, దగ్గడం, ఊపిరి గురగురలాడడం ఆ ప్రమాదానికి సూచనలు. వీటిని ఎక్కిళ్లుగా పొరబడకూడదు.

చల్లబడిన పిల్లకు వెంటనే పాలు పట్టడం మరో పొరపాటు. ఒళ్లు చల్లబడినప్పుడు పేగుల కదలిక మందగిస్తుంది, మింగే శక్తి తగ్గుతుంది. ముందు మెల్లగా వెచ్చబరచాలి. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాను పక్కన పెట్టి, అవసరమైతే దూరంగా జరగడానికి పిల్లకు చోటు వదలాలి. ఒళ్లు వెచ్చబడి, నోటి దగ్గర వేలు పెడితే చప్పరించే స్థితికి వచ్చాకే పాలు పట్టాలి.

ఆవుపాలు కుక్కపాలకు ప్రత్యామ్నాయం కావు. తల్లికుక్క పాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలలో కన్నా సుమారు రెట్టింపు ఉంటాయి. పాలచక్కెర మాత్రం ఆవుపాలలోనే ఎక్కువ. అందువల్ల ఆవుపాలతో పెరిగే పిల్లకు విరేచనాలు పట్టుకుని నీరసించవచ్చు. పశువైద్యుల సలహాతో కుక్కపిల్లల కోసం తయారైన పాలపొడి వాడడం ఉత్తమం. అన్నిటికన్నా మేలైనది తల్లి దగ్గరే ఉంచడం. తల్లికుక్క తిండి వెతుక్కుంటూ కొన్ని గంటలు కనిపించకపోవచ్చు. అంతమాత్రాన పిల్లలు అనాథలు కావు. వాటిని కదిలించకుండా గాలి సోకని చోట గోనెసంచి పరచి, తల్లికి తిండి పెడితే చాలు. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాలు కూడా ఎనిమిది వారాలు నిండని పిల్లల అమ్మకాన్ని నిషేధించాయి.

ఎక్కిళ్లు కానివి

నిద్రలో అదురు: పుట్టిన తొలి వారాల్లో కుక్కపిల్ల ఎక్కువ సమయం నిద్రలోనే గడుపుతుంది. ఆ నిద్రలో కాళ్లు, చెవులు, పెదవులు అదరడం ఆరోగ్య లక్షణమే. అదురు బొత్తిగా లేని పిల్లనే జాగ్రత్తగా చూడాలి.

లోపలికి తుమ్మడం: మెడ చాచి, మోచేతులు బయటకు తిప్పి, ముక్కుతో గాలిని గరగరమని లోపలికి లాగుతుంది. చూడడానికి భయంకరంగా ఉన్నా సాధారణంగా నిమిషం లోపే ఆగుతుంది. శబ్దం ముక్కు నుంచి వస్తే ఇది, గొంతు నుంచి చిన్నగా వస్తే ఎక్కిలి.

కెన్నెల్ దగ్గు: బాతు అరిచినట్టు పొడి దగ్గు, చివర తెల్లని నురుగు. ఇది అంటువ్యాధి. మిగతా కుక్కల నుంచి వేరు చేయాలి.

విభాజక పటలం చిరగడం: బండి తగిలిన పిల్లలో విభాజక పటలం చిరిగి పేగులు ఛాతీలోకి చేరవచ్చు. పైకి గాయం కనిపించకపోయినా పొట్టతో కష్టపడి ఊపిరి తీస్తుంది. రోడ్డు పక్కన, పట్టాల పక్కన దొరికిన పిల్లలో ఈ అవకాశాన్ని మరువరాదు.

డిస్టెంపర్: వీటన్నింటిలో తరచుగా మోసపుచ్చేది ఇదే. 1905లో ఫ్రెంచి పశువైద్యుడు హెన్రీ కారే ఈ వ్యాధికి వైరస్ కారణమని చూపారు. జ్వరం, కళ్లు ముక్కు నుంచి చిక్కని స్రావం, దగ్గు, విరేచనాలతో మొదలై నాడీ మండలానికి పాకుతుంది. అప్పుడు దవడ, కాలు లేదా పొట్ట కండరాలు గడియారం కొట్టినట్టు లయగా అదురుతాయి. ఈ అదురు నిద్రలోనూ ఆగదు, గంటల తరబడి సాగుతుంది. అరికాలి మెత్తలు, ముక్కు చివర గట్టిపడడం మరో గుర్తు. కొన్ని నిమిషాల్లో ఆగేది ఎక్కిలి. ఆగకుండా, ఒకే కండరంలో, జ్వరమో నీరసమో వెంట ఉండి సాగేది డిస్టెంపర్ కావచ్చు.

ఈ వ్యాధి ఊళ్లోనే ఆగిపోదు. 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గుజరాత్‌లోని గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో కొన్నింటిలో ఈ వైరస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. బిలాస్‌పూర్ సమీపంలోని అచానక్‌మార్ 2009లో పులుల అభయారణ్యమైంది. అటువంటి అడవుల అంచున ఉన్న ఊళ్లలో కుక్కలకు టీకా వేయించడం అడవి జంతువులకూ రక్షణే.

రేబిస్: అన్నింటికన్నా ప్రాణాంతకమైనది. రేబిస్ సోకిన కుక్కలో గొంతు కండరాలు పట్టు తప్పుతాయి. మింగలేకపోతుంది, చొంగ కారుతుంది, అరుపు బొంగురుపోతుంది, దవడ వేలాడుతుంది. గొంతులో ఎముక ఇరుక్కుందనో ఎక్కిళ్లు పట్టుకున్నాయనో భావించి నోట్లో వేలు పెట్టినవారు ప్రమాదంలో పడతారు. చిన్న పిల్ల కాబట్టి రేబిస్ ఉండదన్న నమ్మకం తప్పు. టీకా వేయని, గతం తెలియని కుక్కపిల్ల నోట్లో ఎన్నడూ వేళ్లు పెట్టరాదు.

అటువంటి పిల్ల కరిచినా, గోళ్లతో గీరినా, గాయాన్ని నాకినా వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాల పాటు కడగాలి. పసుపు, కారం, సున్నం వంటివి పెట్టకుండా ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు చికిత్స దాదాపు లేదు, ముందే వేయించుకున్న టీకాయే ప్రాణరక్షణ. కుక్కల ద్వారా మనుషులకు సోకే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 28న జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది.

నట్టల మందు, టీకాలు

కుక్కల్లో కనిపించే ఒక రకం ఏలికపాములు తల్లి గర్భంలో ఉండగానే పిల్లలకు చేరతాయి. అందువల్ల రెండు వారాల వయసు నుంచే నట్టల మందు మొదలుపెట్టి, ఎనిమిది వారాల వరకు రెండేసి వారాలకు, ఆపై ఆరు నెలల వరకు నెలకోసారి ఇవ్వాలని సాధారణంగా సూచిస్తారు. మోతాదును పిల్ల బరువును బట్టి పశువైద్యుడే నిర్ణయించాలి. కుక్క మలంతో కలుషితమైన మట్టిలో ఆడే పిల్లలకు కూడా ఈ పురుగుల గుడ్లు చేరగలవు. కాబట్టి చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

డిస్టెంపర్, పార్వో వంటి వ్యాధుల టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతాయి. రెండు నుంచి నాలుగు వారాల వ్యవధిలో వేస్తూ 16 వారాలు నిండేదాకా కొనసాగించాలి. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ తొలి టీకాలను పనిచేయనివ్వకపోవచ్చు. ఒక్క టీకాతో ఆపేయకూడదనడానికి కారణం ఇదే. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు.

రైలు ప్రయాణంలో

బదిలీలు, సెలవులు రైల్వే కుటుంబాల జీవితంలో భాగం. పెంపుడు కుక్కను రైలులో మొదటి తరగతి ఏసీలో కూపే లేదా క్యాబిన్ మొత్తం తమకే దక్కినప్పుడు వెంట తీసుకువెళ్లవచ్చు. లేకుంటే గార్డు బోగీలోని పెట్టెలో పంపాలి. టీకాల ధ్రువపత్రం, రుసుము, ఇతర నియమాల వివరాలను పార్శిల్ కార్యాలయంలో ముందే తెలుసుకోవాలి. బయలుదేరే ముందు కడుపు నిండా పెట్టకూడదు. కుదుపుల్లో, కొత్త శబ్దాల్లో ఎక్కిళ్లు వచ్చినా కంగారు పడనవసరం లేదు. వేసవిలో మాత్రం నాలుక వేలాడేసి ఆగకుండా ఎగపోయడం ఎక్కిలి కాదు, వడదెబ్బకు ఆరంభం. వెంటనే చల్లని చోటికి చేర్చి ఒళ్లు తడపాలి.

పశువైద్యుడి వద్దకు ఎప్పుడు

ఎక్కిళ్లు గంటకు మించి ఆగకపోతే, రోజురోజుకూ పెరుగుతుంటే, తిండి మానేస్తే, వాంతులు, విరేచనాలు, జ్వరం, దగ్గు తోడైతే ఆలస్యం చేయకూడదు. చిగుళ్లు, నాలుక పాలిపోయినా నీలంగా మారినా అది అత్యవసర స్థితి. పెద్ద వయసు కుక్కకు కొత్తగా తరచుగా ఎక్కిళ్లు మొదలైనా పరీక్ష చేయించాలి. నిద్రపోతున్న కుక్కపిల్ల నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టడం అలవాటు చేసుకుంటే తేడా సులభంగా తెలుస్తుంది. ఎక్కిలి వస్తున్నప్పుడు ఫోనులో చిన్న వీడియో తీసి చూపిస్తే వైద్యుడికి వ్యాధి నిర్ధారణ తేలికవుతుంది. ఆసుపత్రికి చేరేలోపు ఆ కదలిక ఆగిపోవచ్చు కనుక ఆ వీడియోయే ఆధారం. పలు రాష్ట్రాల్లో సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మనుషుల్లో ఎక్కిళ్ల చరిత్రలో ఒక అరుదైన ఉదాహరణ ఉంది. అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన చార్లెస్ ఆస్బోర్న్‌కు 1922లో మొదలైన ఎక్కిళ్లు 1990 వరకు, 68 ఏళ్ల పాటు ఆగలేదు. అటువంటి స్థితి అత్యంత అరుదు. కుక్కపిల్ల ఎక్కిళ్లకు కావలసిన మందు చాలాసార్లు పది నిమిషాల ఓర్పు, వెచ్చని గుడ్డ, మెల్లగా నిమిరే చేయి. పది నిమిషాలు గడిచినా ఒళ్లు అదురుతూనే ఉండి, కళ్లలో పుసి, ఒంట్లో వేడి కనిపిస్తే మాత్రం అది ఎక్కిలి కాదని గుర్తించి బయలుదేరాలి.